బ్రంచ్‌కి బెల్లిని: పొంగిపోకుండా, గ్యాస్ పోకుండా

మీ ప్రశ్న చదువుతుంటే నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. నవ్వింది మీ మీద కాదు, ఇరవై మూడేళ్ళ వయసులో ఇదే పని చేసి తెల్ల చొక్కా నిండా పీచ్ గుజ్జు పోసుకున్న నా మీద. మీరు రాసినది క్లుప్తంగా ఇదీ: ఇంగ్లండ్‌లో రెడింగ్‌లో ఉంటున్నారు. జులైలో ఒక ఆదివారం పన్నెండు మందిని బ్రంచ్‌కి పిలిచారు. అందులో ముగ్గురు మందు ముట్టరు, ఆ ముగ్గురిలో ఒకావిడ కడుపుతో ఉంది. వెనిస్‌లో తాగిన బెల్లిని, అంటే పీచ్ గుజ్జూ ప్రొసెక్కో అనే ఇటలీ బుడగల వైనూ కలిపిన డ్రింక్, ఇంట్లో చేద్దామని డబ్బాలో దొరికే మామిడి గుజ్జు గ్లాసులో సగందాకా పోసి, పైన ప్రొసెక్కో వంచారు. నురగ పొంగి టేబుల్ మీదికి పారింది. మిగిలింది తాగితే గ్యాస్ పోయిన జ్యూస్‌లా ఉంది. తప్పెక్కడ జరిగింది, ముందే జగ్గులో కలిపి పెట్టుకోవచ్చా, అసలు మామిడితో కుదురుతుందా అన్నవి మీ అనుమానాలు.

నేను హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, తొమ్మిదేళ్ళు క్రూయిజ్ షిప్పుల్లో బార్ వెనక నిలబడ్డాను. బ్రంచ్ పూట రెండు గంటల్లో కొన్ని వందల గ్లాసులు పోసేవాళ్ళం. కాబట్టి ఈ డ్రింక్ ఎన్ని రకాలుగా చెడుతుందో చాలామంది కన్నా నాకు బాగా తెలుసు.

తప్పెక్కడ జరిగిందో చెప్పడానికి వెనిస్ దాకా పోనక్కర్లేదు, మన ఊరి సోడా బండి దగ్గరే సమాధానం ఉంది. నిమ్మకాయ సోడాలో ఉప్పు వేయగానే ఏమవుతుంది? బుస్సుమని పొంగుతుంది. బండి ఆయన కంగారు పడడు. గ్లాసులో ముందు కొంచెమే సోడా పోస్తాడు, పొంగు లేచి దిగేదాకా ఆగుతాడు, ఆ తర్వాత మిగతాది పోసి చేతికిస్తాడు. మీరు చేసింది, ఉప్పూ నిమ్మరసం సగం గ్లాసు నింపి పైనుంచి సోడా గుమ్మరించడం లాంటిది.

కారణం ఇద్దరి దగ్గరా ఒకటే. సోడాలోనైనా వైన్‌లోనైనా కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ బుడగగా మారాలంటే దానికి ఎక్కడో ఒక పట్టు దొరకాలి. ఉప్పు గరుకు, పండు పీచు, వాటి సందుల్లో ఇరుక్కున్న గాలి, ఇవే ఆ పట్టు. గుజ్జులో అలాంటి చోట్లు లక్షలుంటాయి. పైగా పండులో పెక్టిన్ ఉంటుంది. జామ్ గట్టిపడేది దానివల్లే. అది బుడగ చుట్టూ గోడలా నిలబడుతుంది. అందుకే సోడా పొంగు క్షణంలో దిగిపోతుంది కానీ గుజ్జు పొంగు మాత్రం గ్లాసు దాటి టేబుల్ దాకా వస్తుంది. అలా పారిపోయిన నురగలో ఉన్నదంతా మీరు డబ్బు పెట్టి కొన్న గ్యాసే. మిగిలింది జ్యూస్‌లా ఉండక ఏం చేస్తుంది?

రెండో కారణం వేడి. మీరు ప్రొసెక్కో ఫ్రిజ్‌లో పెట్టారని రాశారు, గుజ్జు సంగతి రాయలేదు. అప్పుడే తెరిచిన డబ్బా అయితే అది గది వేడిలోనే ఉండి ఉంటుంది. లీటరు నీటిలో కార్బన్ డయాక్సైడ్ 0 డిగ్రీల దగ్గర సుమారు 3.3 గ్రాములు కరుగుతుంది, 10 డిగ్రీల దగ్గర 2.3, 20 డిగ్రీల దగ్గర 1.7 గ్రాములే. వైన్‌లో అంకెలు కొంచెం మారతాయి కానీ తీరు ఇదే. చల్లటి వైన్‌ని గోరువెచ్చటి గుజ్జు మీద పోయడమంటే సగం గ్యాస్‌ని పొమ్మనడమే.

ఇప్పుడు అసలు బెల్లిని గురించి కొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే కొలత అక్కడినుంచే అర్థమవుతుంది. వెనిస్‌లో సాన్ మార్కో చౌరస్తాకి దగ్గర్లో, కాలువ ఒడ్డున కాలె వాల్లారెస్సో అనే సందు చివర హ్యారీస్ బార్ ఉంది. 1931లో జుసెప్పె చిప్రియాని అనే బార్‌మన్ పెట్టాడు. హ్యారీ పికరింగ్ అనే అమెరికన్ కుర్రాడు డబ్బులకి ఇబ్బంది పడుతుంటే చిప్రియాని పదివేల లీరాలు అప్పిచ్చాడనీ, ఆ కుర్రాడు తర్వాత తిరిగొచ్చి అప్పు తీర్చి, బార్ పెట్టుకోమని ఇంకో 40,000 చేతిలో పెట్టాడనీ, అందుకే బార్‌కి అతని పేరే పెట్టాడనీ చెప్తారు. ఎదుటి మనిషిని నమ్మి అప్పిచ్చిన బార్‌మన్‌ని నా సర్వీసులో ఒక్కణ్ణి కూడా చూడలేదు, అది వేరే సంగతి.

బెల్లిని పుట్టింది 1948లో అని ఎక్కువమంది అంటారు, అంతకు ముందే అనేవాళ్ళూ ఉన్నారు. చిప్రియాని అక్కడి తెల్ల పీచ్ పళ్ళని నలిపి, వడకట్టి, ప్రొసెక్కోలో కలిపాడు. ఆ లేత గులాబీ రంగు చూస్తే వెనిస్ చిత్రకారుడు జొవాన్ని బెల్లిని బొమ్మల్లో రంగు గుర్తొచ్చిందని ఆ పేరు పెట్టాడు. ఆయనకి చిత్రకారుల పేర్లు పెట్టడం ఇష్టం. పచ్చి మాంసాన్ని పల్చటి పొరలుగా కోసి వడ్డించే కార్పాచో కూడా ఆ బార్‌లోదే, అదీ ఒక వెనిస్ చిత్రకారుడి పేరే. మొదట్లో బెల్లిని పీచ్ పళ్ళ కాలంలో మాత్రమే దొరికేది. మనకి మామిడికాయ పప్పు ఎండాకాలంలోనే రుచి అన్నట్టు.

మా ఓడ వెనిస్‌లో ఆగిన ఒకరోజు నాలుగు గంటలు సెలవు దొరికితే అక్కడికి వెళ్ళి ఒకటి తాగాను. అప్పట్లో పెద్ద ఓడలు ఊరి మధ్యలోంచే, జుదెక్కా కాలువలోంచే వెళ్ళేవి. 2021 ఆగస్టు నుంచి అక్కడికి రానివ్వడం లేదు, మంచి పనే చేశారు. బార్‌లో నేను గమనించింది గ్లాసు. పొడుగాటి ఫ్లూట్ గ్లాసు కాదు, కాడ లేని చిన్న సాదా గ్లాసు. నాలుగు గుక్కల్లో అయిపోతుంది. బిల్లు చూస్తే ఒక్కో గుక్క ఎంతో లెక్క వేసుకోవాలనిపించింది. కానీ ఆ చిన్న గ్లాసులో ఒక తెలివి ఉంది. వేడెక్కేలోపు, గ్యాస్ పోయేలోపు అయిపోతుంది. ఇంట్లో పెద్ద వైన్ గ్లాసులు నింపి ఇస్తే సగంలోనే చప్పబడుతుంది.

కొలత: గ్లాసుకి గుజ్జు 50 మిల్లీలీటర్లు, ప్రొసెక్కో 100. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం లెక్క కూడా ఇదే. నాకైతే 40కి 120 ఇంకా బాగుంటుంది, పండు మరీ తియ్యగా ఉన్నప్పుడు ముఖ్యంగా. మీరు పోసిన సగానికి సగం కొలత మిమోసా అనే ఇంకో డ్రింక్‌ది. అందులో పడేది నారింజ రసం, గుజ్జు కాదు, కాబట్టి చెల్లుతుంది.

పండు గురించి. జులైలో ఇంగ్లండ్‌లో ఉన్నారు కాబట్టి మీరు అదృష్టవంతులు. తెల్ల పీచ్ అని పేరు పెట్టి అమ్మేవి దొరక్కపోతే, నొక్కిన బన్నులా చదునుగా ఉండే ఫ్లాట్ పీచ్‌లు కొనండి. వాటిలో చాలావరకు లోపల తెల్లగానే ఉంటాయి. పసుపు పీచ్ తప్పు కాదు కానీ పులుపు ఎక్కువ, ఆ పూల వాసన తక్కువ, రంగు కూడా మామిడి తాండ్ర వైపు వెళ్ళిపోతుంది. సూపర్ మార్కెట్లో పళ్ళు రాయిలా ఉంటాయి, అందుకని బుధవారమే కొని బయట బల్ల మీద పెట్టండి. పచ్చివి ఫ్రిజ్‌లో పెడితే పండవు సరికదా, లోపల పిండిలా అయిపోతాయి. తొడిమ దగ్గర వాసన చూడండి. వాసన లేని పండుకి డ్రింక్‌లో కూడా వాసన ఉండదు, దాన్ని ఎంత చక్కెరా బాగుచేయలేదు.

గుజ్జు తీయడం దగ్గర మాత్రం నా మాట వినండి: మిక్సీ వద్దు. మిక్సీ బ్లేడు గుజ్జులోకి గాలి కొడుతుంది, ఆ గాలి బుడగలే తర్వాత పొంగు. నా మొదటి ఆదివారం నేను చేసింది అదే. పెద్ద మిక్సీలో పీచ్‌లు వేసి ఐదు నిమిషాలు తిప్పి, మిల్క్ షేక్‌లా నురగ కట్టిన దాన్ని నేరుగా బార్‌కి పట్టుకెళ్ళాను. మొదటి ట్రేలో ఆరు గ్లాసులకి ఆరూ పొంగాయి. మా సీనియర్ ఒక గోవా ఆయన, మందలించలేదు. నా చేతిలోంచి గిన్నె తీసుకుని, మూత పెట్టి, ఫ్రిజ్‌లో పెట్టి, "రేపు మాట్లాడదాం" అన్నాడు. మర్నాడు చూస్తే పైన వేలెడు మందాన తెల్లటి నురగ, కింద చిక్కటి గులాబీ రంగు గుజ్జు. నురగ చెంచాతో తీసి పారేసి, కిందది వాడాం. ఆ ఒక్క రాత్రి వల్ల సగం సమస్య తీరిపోయింది.

ఇంట్లో అయితే ఇలా చేయండి. పళ్ళు కడిగి, గింజ తీసి, తొక్కతోనే ముక్కలు చేసి, బంగాళాదుంపలు మెదిపే గరిటెతోనో చేత్తోనో బాగా నలపండి. వెంటనే నిమ్మరసం కలపండి, అరకిలో పండుకి ఒక పెద్ద చెంచా. లేకపోతే కోసిన ఆపిల్‌లా గోధుమరంగుకి తిరిగిపోతుంది. తర్వాత సన్న కళ్ళున్న స్టీలు జల్లెడలో వేసి, గరిటె వెనకవైపుతో రుద్దుతూ దించండి. తొక్కా పీచూ పైనే ఉండిపోతాయి, తొక్కలో ఉన్న ఎరుపు మాత్రం కిందికి దిగుతుంది. బెల్లిని గులాబీ రంగు ఆ తొక్కా, గింజ చుట్టూ ఉండే ఎర్రటి కండా ఇచ్చేదే. రంగు చాలకపోతే నాలుగు రాస్ప్‌బెర్రీలు కలిపి నలపొచ్చు, చాలా బార్‌లలో అదే చేస్తారు, ఎవరూ చెప్పరు. మూత పెట్టి శనివారం రాత్రే ఫ్రిజ్‌లో పెట్టేయండి.

తీపి చూడాల్సింది ఆదివారం పొద్దున, గుజ్జు చల్లగా ఉన్నప్పుడు. చల్లదనం తీపిని అణిచేస్తుంది, శనివారం రాత్రి సరిపోయిందనుకున్నది పొద్దునకి చప్పగా తగలొచ్చు. చక్కెర పొడి నేరుగా వేయకండి, చల్లటి గుజ్జులో కరగదు, పైగా కరగని పలుకులు ఉప్పులాగే పొంగిస్తాయి. చక్కెరా నీళ్ళూ సమానంగా వేడిచేసి చల్లార్చిన పాకం సీసాలో పెట్టుకుని, చెంచా చెంచా కలుపుకోండి.

వైన్ దగ్గర చాలామంది లేబుల్ చూసి మోసపోతారు. ప్రొసెక్కో మీద 'ఎక్స్‌ట్రా డ్రై' అని ఉంటే అది బాగా తీపి లేనిది అనుకుంటాం. కాదు. 'బ్రూట్' అంటే లీటరుకి 12 గ్రాముల లోపు చక్కెర, 'ఎక్స్‌ట్రా డ్రై' అంటే 12 నుంచి 17 దాకా, ఒట్టి 'డ్రై' అంటే 17 నుంచి 32 దాకా. అంటే పేరులో డ్రై అని ఉన్నవన్నీ బ్రూట్ కన్నా తియ్యనివే. పండు తీపి ఎలాగూ ఉంది కాబట్టి మీరు బ్రూట్ తీసుకోండి. ఇంకో మాట చూడాల్సింది, 'స్పుమాంతె' అని ఉందా 'ఫ్రిజ్జాంతె' అని ఉందా అని. రెండోదాంట్లో గ్యాస్ తక్కువ, విడిగా తాగడానికి బాగుంటుంది కానీ గుజ్జు కలిపితే నిలవదు. స్పుమాంతె కావాలి.

ప్రొసెక్కోయే ఎందుకు, షాంపేన్ పోస్తే ఇంకా గొప్పగా ఉండదా అని మీ స్నేహితుల్లో ఒకరు తప్పకుండా అంటారు. ఉండదు. షాంపేన్ సీసాలోనే రెండోసారి పులిసి, నెలల తరబడి ఈస్ట్ మడ్డి మీద ఉంటుంది, అందుకే దానికి కాల్చిన బ్రెడ్ లాంటి వాసన వస్తుంది. ప్రొసెక్కో పెద్ద స్టీలు ట్యాంకుల్లో పులుస్తుంది, గ్లేరా అనే ద్రాక్ష వాసన, అంటే పియర్ పండు, పూల వాసన, అలాగే నిలిచి ఉంటుంది. పీచ్ పక్కన కూర్చోవడానికి ఇదే తగిన చుట్టం. దీన్ని పండించే కొనెల్యానో, వాల్దొబ్బియాదెనె కొండలు వెనిస్‌కి ఉత్తరాన దగ్గర్లోనే ఉన్నాయి, 2019లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. చిప్రియాని తన ఊరి పండూ తన ఊరి వైనూ కలిపాడంతే. ఖరీదైన షాంపేన్ ఉంటే దాన్ని విడిగా తాగండి, గుజ్జు కలిపి పాడుచేయకండి.

మీ బ్రంచ్ లెక్క చూద్దాం. తాగేవాళ్ళు తొమ్మిది మంది, ఒక్కొక్కరికి రెండు గ్లాసులు వేసుకుంటే పద్దెనిమిది. గ్లాసుకి 100 చొప్పున 1.8 లీటర్ల వైన్, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు దాదాపు రెండున్నర. మూడు కొనండి, పొంగు కోసం, మీ కోసం కాస్త మిగులుతుంది. గుజ్జు 900 మిల్లీలీటర్లు వాళ్ళకి, మిగతా ముగ్గురికీ ఇంకో 300. గింజా తొక్కా పోను రెండు కిలోల పీచ్‌లు సరిపోతాయి.

సీసాలు శనివారం రాత్రే ఫ్రిజ్‌లో పడుకోబెట్టకుండా నిలబెట్టండి. మర్చిపోతే బకెట్లో ఐస్ వేసి, అది మునిగేలా నీళ్ళు పోసి, గుప్పెడు ఉప్పు వేసి అరగంట ఉంచండి. ఒట్టి ఐస్ కన్నా ఐస్ నీళ్ళే తొందరగా చల్లబరుస్తాయి, సీసా చుట్టూ అన్నివైపులా తగులుతాయి కాబట్టి. ఫ్రీజర్ జోలికి పోకండి. ఒకసారి మా ఇంట్లో అలా పెట్టి మర్చిపోయి, రాత్రి పదకొండు గంటలకి గాజుపెంకులు ఏరుకున్నాను.

బిరడా తీసేటప్పుడు సినిమాలో లాగా ఠప్పుమనిపించాలని సరదా ఉంటుంది. ఆ సరదాకి రెండు ఖర్చులు: ఒకటి గ్యాస్, రెండోది ఎవరిదో ఒకరి కన్ను. పైన రేకు ఒలిచాక, తీగని సాధారణంగా ఆరు అరచుట్లు తిప్పితే వదులవుతుంది. అప్పటినుంచి బొటనవేలు బిరడా మీదినుంచి తీయొద్దు. సీసా ఏటవాలుగా పట్టుకుని, మనుషులు లేని వైపుకి తిప్పి, బిరడాని కదలకుండా బిగించి పట్టుకుని, సీసాని తిప్పండి. బిరడాని కాదు, సీసాని. లోపలి ఒత్తిడి దాన్ని నెమ్మదిగా తోస్తుంది, మీరు దాన్ని ఆపుతున్నట్టు పట్టుకోవాలి. చివర్లో నిట్టూర్పులాంటి చిన్న శబ్దం వస్తే మీరు పాస్.

గ్లాసులు బాగా కడగండి, సబ్బు జిడ్డు ఉంటే బుడగలు నిలవవు. నూలు పోగులు రాలే తువ్వాలుతో తుడవకండి, ప్రతి పోగూ ఒక బుడగల పుట్ట. ఫ్లూట్ గ్లాసులకన్నా 180, 200 మిల్లీలీటర్లు పట్టే చిన్న గ్లాసులు నయం. సన్నటి ఫ్లూట్‌లో నురగకి పైకి తప్ప దారి ఉండదు. వాటిని కూడా ఒక గంట ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇక పోయడం, సోడా బండి ఆయన పద్ధతిలో. గ్లాసులో ముందు గుజ్జు 50. దాని మీద వైన్ రెండు పెద్ద చెంచాలంత, అంటే ఓ 30 మిల్లీలీటర్లు. పొంగుతుంది, పొంగనివ్వండి. చెంచాతో నెమ్మదిగా కలపండి. ఇక్కడ మీరు కొంచెం గ్యాస్‌ని కావాలనే బలి ఇస్తున్నారు. పీచు సందుల్లో ఉన్న గాలంతా ఈ విడతలోనే వెళ్ళిపోతుంది, గుజ్జు కూడా పల్చబడుతుంది. అర నిమిషం ఆగి, గ్లాసు వంచి, గోడ వెంట మిగతా వైన్ రెండు విడతల్లో పోయండి. చివర చెంచా అడుగుదాకా దించి ఒక్కసారి పైకి లేపండి, అంతే. గిరగిరా తిప్పొద్దు. వైన్ ముందు పోసి గుజ్జు తర్వాత వేయమనేవాళ్ళు కూడా ఉన్నారు. నేను రెండూ వందలసార్లు చేశాను. గుజ్జు బరువుకి అడుగుకి దిగుతూ దారిపొడుగునా పొంగిస్తుంది, చేయి తిరిగినవాడికి తప్ప అది కుదరదు.

జగ్గులో ముందే కలిపి పెట్టుకోవచ్చా అన్నారు. అతిథులు రాకముందే కలిపి ఫ్రిజ్‌లో పెట్టడం మాత్రం వద్దు, పావుగంటలో గుజ్జు కిందికి, చప్పదనం పైకి వస్తుంది. కానీ ఎనిమిది మంది ఒకేసారి చేయి చాపితే గ్లాసు గ్లాసుకీ పోస్తూ కూర్చోవడం కష్టమే. అప్పుడు రెండు లీటర్ల జగ్గు తీసుకుని, 375 మిల్లీలీటర్ల గుజ్జులో పావు సీసా వైన్ పోసి కలిపి, పొంగు దిగాక మిగతా ముప్పావు సీసా జగ్గు గోడ వెంట పోయండి. కలిపింది లీటరు పైచిలుకే అయినా జగ్గు రెండు లీటర్లది ఎందుకంటే పైన ఖాళీ లేకపోతే మళ్ళీ మీ టేబుల్ క్లాత్ బలి. ఒక జగ్గు, ఏడు గ్లాసులు, వెంటనే పంచేయాలి. రెండో జగ్గు వాళ్ళు అడిగాకే కలపండి.

ఇప్పుడు మామిడి. కుదురుతుంది, కానీ పీచ్ కొలతతో కాదు. మామిడి గుజ్జు పీచ్ కన్నా చాలా చిక్కన, తియ్యన, దాని వాసన ముందు ప్రొసెక్కో నోరెత్తలేదు. డబ్బా గుజ్జులో చాలావాటిలో చక్కెర కూడా కలిపే ఉంటుంది, లేబుల్ చూడండి. దాన్ని ముందు సన్న జల్లెడలో వడకట్టి, రెండు వంతుల గుజ్జుకి ఒక వంతు చల్లటి నీళ్ళు కలిపి, 300 మిల్లీలీటర్లకి ఒక పచ్చ నిమ్మకాయ మొత్తం పిండండి. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. గ్లాసుకి 30 మాత్రమే, వైన్ 120. నిమ్మ పులుపు లేకపోతే ఇది మామిడి రసంలో పొరపాటున సోడా పడినట్టు ఉంటుంది. మన రసాలు దొరికే రోజుల్లో ఇండియా వెళ్తే, పండుని పిసికి, మామిడి తాండ్రకి తీసినట్టే పల్చటి గుడ్డలో వడకట్టి చూడండి. రసాల్లో పీచు ఎక్కువ కానీ వడకట్టాక వచ్చే రసం డబ్బా గుజ్జుకన్నా పల్చగా, ఈ పనికి సరిగ్గా సరిపోయేలా ఉంటుంది. నాసిక్ వైపు తయారయ్యే మన స్పార్క్లింగ్ వైన్లలో బ్రూట్ రకంతో నేను చేశాను, పుల్లగా ఉంటాయి కాబట్టి మామిడికి ప్రొసెక్కో కన్నా అవే నచ్చాయి నాకు.

వేరే పళ్ళు కావాలంటే స్ట్రాబెర్రీతో చేస్తే రొస్సీని, దానిమ్మ రసంతో చేస్తే తింతొరెత్తో అంటారు. దానిమ్మ సులువు, అందులో పీచు లేదు. పొంగుతో ఇంకా భయం ఉంటే మొదటి గ్లాసు దానిమ్మతోనే మొదలుపెట్టండి. అసలు ఏ తలనొప్పీ వద్దనుకుంటే మీరున్న దేశంలోనే 1921 నుంచి బక్స్ ఫిజ్ ఉంది. లండన్ బక్స్ క్లబ్‌లో పుట్టింది, రెండు వంతుల షాంపేన్‌కి ఒక వంతు నారింజ రసం. నారింజ రసం వడకట్టి చల్లబరిస్తే చాలు.

తాగనివాళ్ళ ముగ్గురి గ్లాసు మీద మాత్రం అశ్రద్ధ చేయకండి. మన ఇళ్ళల్లో చూస్తుంటాను, తాగేవాళ్ళకి అన్ని హంగులూ చేసి, మిగతావాళ్ళకి డబ్బా కూల్ డ్రింక్ ప్లాస్టిక్ గ్లాసులో పోసి ఇస్తారు. వాళ్ళకీ అదే గ్లాసు, అదే గుజ్జు, వైన్ బదులు బాగా చల్లటి సోడా. ఒట్టి సోడాలో వైన్‌కుండే పులుపు ఉండదు కాబట్టి గ్లాసుకి ఇంకో చెంచా నిమ్మరసం, అర చెంచా పాకం, చిటికెలో సగం ఉప్పు వేయండి. ఉప్పు గుజ్జులోనే ముందు కరిగించాలి, పైన వేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. ఆల్కహాల్ తీసేసిన వైన్ కూడా దొరుకుతుంది కానీ కొన్నిటిలో 0.5 శాతం దాకా ఉంటుంది. కడుపుతో ఉన్నావిడకీ, అసలు ముట్టనివాళ్ళకీ అడగకుండా అది పోయకండి, సోడాయే ఇవ్వండి. జగ్గులూ చెంచాలూ వేరుగా పెట్టండి. రంగు ఒకేలా ఉంటుంది కాబట్టి వాళ్ళ గ్లాసుల్లో ఒక పుదీనా ఆకు వేస్తే కలిసిపోవు.

తాగేవాళ్ళ సంగతి కూడా ఒక మాట. ప్రొసెక్కోలో ఆల్కహాల్ సుమారు 11 శాతం ఉంటుంది, 100 మిల్లీలీటర్లు పోసిన గ్లాసు ఆల్కహాల్ కొలిచే మీ దేశపు లెక్కలో ఒక యూనిట్ పైమాటే. జ్యూస్‌లా గొంతు దిగిపోతుంది కాబట్టి పొద్దున పదకొండుకి మూడు గ్లాసులు తెలియకుండానే అయిపోతాయి. కారు తెచ్చినవాళ్ళకి సోడాది ఇవ్వండి.

పక్కన ఏం పెట్టాలని మీరు అడగలేదు, అయినా చెప్తాను. వేయించినవీ ఉప్పగా ఉన్నవీ దీనికి బాగా జతపడతాయి: మినప గారెలు, జీడిపప్పు వేపుడు, చీజ్ టోస్ట్, గుడ్డు ఆమ్లెట్. గారెల్లోకి కొబ్బరి పచ్చడి పెట్టండి. అల్లం పచ్చడితో పెసరట్టు నాకు ప్రాణమే కానీ ఆ అల్లం బెల్లం ఘాటు ముందు పీచ్ వాసన తెలియనే తెలియదు. మిరపకాయ బజ్జీలు అసలొద్దు. కారం మండుతున్న నోటికి గ్యాస్ తగిలితే మంట ఇంకా రేగుతుంది, అతిథి నీళ్ళ కోసం పరిగెడతాడు, మీ బెల్లిని బల్ల మీద చప్పబడుతుంది.

సీసాలో వైన్ మిగిలితే మూతి దగ్గర స్టీలు చెంచా వేలాడదీయడం లాంటి చిట్కాలు నమ్మకండి, దాంతో గ్యాస్ ఆగదు. స్పార్క్లింగ్ వైన్‌కని అమ్మే బిగుతు మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మర్నాటికి బాగానే ఉంటుంది. గుజ్జు మిగిలితే ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించండి. తర్వాత వాడేముందు ఫ్రిజ్‌లోనే కరగనిచ్చి, మళ్ళీ ఒకసారి జల్లెడ పట్టండి, గడ్డకట్టినప్పుడు పీచు కొంచెం ముద్దలు కడుతుంది.